పట్ట అంచు మీద నడక

గేటుకి గొళ్ళెం పెట్టానో లేదో, పెట్టి ఉంటే గుంటూరు వాళ్ళ కారు లోపలికెలా వస్తుంది, అంటే పెట్టలేదు, పెట్టకపోతే మేకలు వచ్చి ఎండిన కాయలు తొక్కుతాయి, పోనీ కాయలు, కారులోంచి దిగుతూ ఆ పిల్ల నావంక చూసిన చూపేమిటి, అన్విత ఆ పిల్ల పేరు, చలికాలం మొదట్లో వచ్చినప్పుడు మా ఇంటిల్లిపాది చేతుల్లోంచి రక్తం తీసి చిన్న చిన్న గొట్టాల్లో పట్టింది, ఒక్కో గొట్టం మీద ఎవరి పేరు వాళ్ళ ఎదుటే రాసింది, తెలుగులో రాయమ్మా, నేనూ చదువుకుంటాను అని అడిగితే నవ్వి, మామ్మగారూ, ఇవాళ నాకు మీరే సూపర్‌వైజరు అంటూ రాసింది, జహీరున్నీసా అని నాది, ఆపైన నజీరా, అష్రఫ్, ఇషాక్, రిహానా, ఒక్కో పేరూ నేను వేలు పెట్టి చదివాను, అక్షరం అటూ ఇటూ కాలేదు, బడికి పోకుండా పత్తివిత్తనాల ప్యాకెట్ల మీదా దర్శి బస్సుల బోర్డుల మీదా నేర్చుకున్న చదువు నాది, ఏ అక్షరాన్నీ నమ్మక రెండోసారి చూసే చదువు, అలాంటిది ఇప్పుడు పెద్ద డాక్టరు ఆత్రేయగారు మా వసారాలో కుర్చీ అంచున కూర్చుని, అమ్మా, పొరపాటు మావైపే జరిగింది, ఇషాక్‌గారి గొట్టం ఇంకెవరిదో గొట్టంతో తారుమారైంది, మళ్ళీ ఒక్కసారి తీయాలి అంటుంటే, దానికేముంది సార్, రక్తం బదులు పచ్చిమిరప నూరి పోశారేమో అని ఇషాకు నవ్వుతుంటే, ఆ పిల్ల తల వంచుకుని తప్పు నాదే సార్ అంటుంటే, నేను మిరపకాయల తొడిమలు తుంచుకుంటూ ఇక్కడే కూర్చున్నాను, తారుమారు కాలేదు నాయనా, నేను చదివాను అనలేదు, ఆ గొట్టంలో ఉన్నది ఇషాకు రక్తమే, వాడు నా కడుపున పుట్టలేదు, అంతే, ఆ సంగతి ఎరిగి ఈ ఇంట మసలిన ముగ్గురిలో ఇద్దరు మట్టిలో ఉన్నారు, మిగిలింది నేను.

నజీరా మాత్రం నా కడుపున పుట్టిందే, ఇషాకు దాన్ని అక్కా అంటాడు, దాని కూతురు ఫర్హానా బడిలో చేరిన ఏడే నడకలో తడబడింది, తరవాత చేతిలో చెంచా నిలవలేదు, ఆపైన మాటలు పోవడం మొదలైంది, పగిలిన పత్తికాయలోంచి దూది గాలికి పోయినట్టు ఒక్కో మాటా పోయింది, చిలక అనే మాట పోయింది, పలక అనే మాట పోయింది, ఇప్పుడు నన్ను చూసి మ్మ అంటుంది, అమ్మమ్మలో దానికి మిగిలింది అంతే, దాని అన్న కూడా ఇలాగే తడబడి తడబడి ఒక ఎండాకాలం వెళ్ళిపోయాడు, గాలి సోకిందన్నారు, తాయెత్తులు కట్టారు, ఈ ఆత్రేయగారొచ్చాకే సంగతి విడమరిచి చెప్పారు, మెదడులో మాత్రమే పనిచేసే కొత్త జన్యువు ఒకటి కనపడిందమ్మా, దానికింకా పేరు కూడా లేదు, అంకెలతో పిలుస్తున్నాం, ఒంట్లో అన్ని కణాల్లోనూ ఉంటుంది, చేతిలో ఉంటుంది, గుండెలో ఉంటుంది, మెదడులో తప్ప ఎక్కడా నోరు విప్పదు, అక్కడ మాత్రం ఒక ప్రోటీను తయారుచేస్తుంది, ఆ ప్రోటీనుకు చుట్టాలెవరా అని వెతికాం, ఎలుకలో దొరికాయి, చేపలో దొరికాయి, ఈగలో కూడా, అలా పోలికలున్న వాటినన్నిటినీ కలిపి కుటుంబం అంటాం, దీనికి రెండు కుటుంబాల పోలికలున్నాయి, అందులో ఒక కుటుంబం నరాల వెంట సరుకు మోస్తుందని ముందే తెలుసు, కాబట్టి ఇదీ మోసేదే అయి ఉండాలి అన్నారు, అప్పుడు కూడా ఇషాకే, మా మిర్చియార్డు హమాలీల్లాగన్నమాట, మా ఫర్హానా తలలో వాళ్ళు సమ్మె చేస్తున్నారా సార్ అన్నాడు, ఆయన నవ్వలేదు, సమ్మె కాదు ఇషాక్‌గారూ, అసలు పనిలోకే రాలేదు అన్నారు, ఆ మాటకి ఇషాకు నవ్వు మూతి మీదే ఎండిపోయింది.

మళ్ళీ రక్తం ఎందుకంటే, ఆ చోట అనుమానితులు ఇద్దరున్నారట, పక్కపక్కనే ఉండే రెండు జన్యువులు, నజీరాకి తోడబుట్టినవాడి రక్తంతో పోల్చి చూస్తే ఒకటి తేలిపోతుందట, ఇషాకుది చూస్తే దేనికీ పొంతన కుదరలేదట, దాంతో ఆ రోజు ఆ పిల్ల తీసిన గొట్టాలన్నీ అనుమానమే అయ్యాయి, పొదిలి దగ్గర ఎవరో ఇద్దరు పిల్లల తల్లి ఇచ్చింది, అద్దంకి వైపు ఎవరో ఇచ్చారు, అన్నీ పక్కన పెట్టేశారట, మళ్ళీ ఆ తల్లుల చేతులకి సూదులు గుచ్చాలి, ఆ పిల్లని ఈ పనిలోంచి తప్పిస్తారేమో అని డ్రైవరు రిహానాతో అంటుంటే విన్నాను, మూడేళ్ళ నుంచి ఇదే చదువుతోందట పాపం, ఒక నోరు మూసుకుంటే ఇన్ని ఊళ్ళ మీద పడుతుందని నాకేం తెలుసు, తెలియకపోవడం ఏముంది, ఇప్పుడు తెలిసింది కదా, తెలిసీ తొడిమలు తుంచుతున్నాను, తాలుకాయ ఒకవైపు, మంచికాయ ఒకవైపు, చెయ్యి తన పని తాను చేసుకుపోతోంది.

సిద్దికా వస్తోంది, అదుగో, ఇషాకు కూతురు, నాలుగేళ్ళది, కాయలు ఎండేసిన పరదా పట్ట అంచు మీద అడుగు ముందు అడుగు వేసుకుంటూ, చేతులు రెండూ చాపి, నాన్నా నేను పడలా, చూశావా పడలా అని అరుస్తూ, అది ఆట అనుకుంటోంది, ఆట కాదు, ఫర్హానా మంచాన పడ్డ దగ్గర్నుంచీ రోజూ పొద్దున్నే ఇషాకు దాన్ని ఆ అంచు మీద నడిపిస్తాడు, అడుగు పక్కకి పడిందా, ఎందుకు పడింది, నిద్రమత్తా, ఇంకేదన్నానా, మళ్ళీ నడువమ్మా, ఏదీ చిలక అను, పలక అను, మిరపకాయ అను, నాయనమ్మ అను, అది గలగలా అనేసి జామకాయ అడుగుతుంది, వాడు ఊపిరి వదులుతాడు, మర్నాడు పొద్దున్న మళ్ళీ పట్టుకుంటాడు ఆ ఊపిరి, ఎందుకంటే మాది కుండమార్పిడి, నజీరాని మా అన్న అబ్దుల్లా కొడుకు అష్రఫ్‌కి ఇచ్చి, అబ్దుల్లా కూతురు రిహానాని ఇషాకుకి తెచ్చుకున్నాం, ఒకే పందిరి, రెండు పెళ్ళిళ్ళు, రెండు వైపులా ఒకే రక్తం, చెడిన జన్యువు అమ్మ నుంచి ఒకటీ నాన్న నుంచి ఒకటీ కలిస్తేనే జబ్బు అని డాక్టరుగారు చెప్పగానే ఇషాకు వేళ్ళు మడిచి చూసుకున్నాడు, అక్కకెలాగో నాకూ అలాగే కదా సార్ అన్నాడు, అయ్యుండొచ్చు, కాకపోవచ్చు, పరీక్ష తేలాలి అన్నారాయన, రిహానాకి ఇప్పుడు మూడో నెల, ఇవాళ మధ్యాహ్నం బస్సుకి ఒంగోలు వెళ్ళి కడుపు తీయించేద్దామని ఇషాకు నిశ్చయం చేశాడు, ఇంకో పిల్లని పట్ట అంచు మీద నడిపించే ఓపిక నాకు లేదే అన్నాడు దానితో, నేను విన్నాను, గోడ ఇవతల కూర్చుని ఉల్లిపాయలు తరుగుతూ విన్నాను, నిన్న రిహానా నా కాళ్ళ దగ్గర కూర్చుని, అత్తా, నాకు ఈ బిడ్డ కావాలి, నువ్వన్నా చెప్పు, నీ మాట జవదాటడు అంది, నా మేనకోడలు, నా అన్న కూతురు, అలా అడుగుతుంటే దాని జుట్టు సవరించాను, చూద్దాంలేమ్మా అన్నాను, చూద్దాంలే, ఏం చూస్తాను, దాని కడుపులో ఉన్న బిడ్డకి తండ్రి వైపు నుంచి మా రక్తం లేదు, ఆ జబ్బు రెండు వైపుల నుంచీ రావాలి, ఇషాకు వైపు నుంచి వచ్చే దారే లేదు, సిద్దికాకీ లేదు, ఈ కబురు నా నోట్లో పెట్టుకుని చూద్దాంలే అన్నాను.

ఇందాక అన్విత మంచినీళ్ళకని కుండ దగ్గరికొచ్చింది, గ్లాసు అందిస్తుంటే నా మణికట్టు పట్టుకుంది, మెల్లగా, రక్తం తీసేటప్పుడు పట్టుకున్నట్టే, మామ్మగారూ, గొట్టాలు మారలేదు, నాకు తెలుసు, మీకూ తెలుసు అంది, మరి నీ తప్పని ఎందుకు ఒప్పుకున్నావమ్మా అన్నాను, ఇంకోలా ఎలా చెప్పమంటారు, ఇంట్లోవాళ్ళందరి ముందూ అంది, ఇలాంటివి మేం ఎవరికీ చెప్పకూడదండీ, అది మా పనిలో మొదటి నియమం, మీకు చెప్పాలని ఉంటే చెప్పండి, లేదంటే ఇవాళ తీసేదాన్ని కూడా పక్కన పెట్టి ఆయన పేరు లేకుండానే మీ ఇంటి లెక్క నడుపుకుంటాం, ఆలస్యమవుతుంది, అంతే, ఎవరికీ ఏమీ తెలియదు, మీరు భయపడకండి అంది, నజీరా కన్నా చిన్నది, ఎండలో ముక్కు ఎర్రబడి ఉంది, మిరప ఘాటుకి కళ్ళు నీళ్ళు కారుతున్నాయి, నా తప్పు తన నెత్తిన వేసుకుని నన్ను భయపడకండి అంటోంది, ఆ పిల్లకి రిహానా సంగతి తెలియదు, మధ్యాహ్నం బస్సు సంగతి తెలియదు, తెలిస్తే ఆ మాట అనేది కాదు, నేను మాత్రం, మంచినీళ్ళు తాగమ్మా అన్నాను.

ఎవరికీ ఏమీ తెలియదు, అంత తేలికా, ముప్ఫై ఏళ్ళు దాటింది, పట్నంలో కాన్పుల వార్డు, నాకు పుట్టినవాడు మూడో రోజు వెళ్ళిపోయాడు, వాడి మొహం కన్నా వాడిని చుట్టిన పాత లుంగీ గళ్ళే నాకు గుర్తు, నాగూర్ వలి వాడిని రెండు చేతుల మీదా పెట్టుకుని వెనక్కి తిరక్కుండా నడిచిపోయాడు, మా ఆయన వీపు అలా చూడటం అదే మొదలు, పాలు పొంగి రవిక తడిసి మంట, పక్క మంచం మీద కొత్తపట్నం నుంచి వచ్చిన బెస్తామె, బిడ్డని కని కళ్ళు తెరవలేదు, దాని మొగుడు బాలస్వామి, ఒంటినిండా ఉప్పు వాసన, ఆ బిడ్డని తెచ్చి నా ఒళ్ళో పెట్టి, ఒక్కపూట పాలియ్యమ్మా, ఊళ్ళో మా అమ్మకి చెప్పి వస్తా అన్నాడు, వాడు నా రొమ్ము పట్టిన పట్టు, అబ్బ, ఎవరు ఎవరిని బతికించారో ఇప్పటికీ తెలియదు నాకు, బాలస్వామి వచ్చాడు, మాట తప్పలేదు, నలుగురు పిల్లలున్నారు ఇంటి దగ్గర, ముసలి తల్లి ఉంది, వీడు నా దగ్గర పాలు తాగుతూ నిద్రపోయాడు, గుమ్మంలో నిలబడి చాలాసేపు చూసి, నీ పాలు తాగినోడు నీవోడేనమ్మా అన్నాడు, మా ఆయన అప్పుడు దూది ఏకే పని మీద ఊరూరా తిరిగేవాడు, ఇంటికి తిరిగొచ్చి, మనలో పాలు తాగినవాడు బిడ్డే, నజీరాకి తమ్ముడే, ఇంక ఆ మాట ఈ ఇంట్లో ఎత్తకు అన్నాడు, ఎత్తలేదు, పాత ఊరు వదిలి ఇటు దర్శి వైపు వచ్చేశాం, సంగతి తెలిసిన అబ్దుల్లా అన్నయ్య, ఇప్పుడు ఆయనా లేడు, తన కూతుర్ని ఇస్తూ అదే మాటన్నాడు, పాల సంబంధం కూడా సంబంధమే చెల్లీ అని.

ఏటా కాయకోతలయ్యాక బాలస్వామి ఎండుచేపల గంప ఎత్తుకుని మా వీధికొచ్చేవాడు, నెత్తళ్ళోయ్ అని ఆ కేక, ఇషాకు నిక్కరు ఎగలాక్కుంటూ పరిగెత్తేవాడు, తూకం అయ్యాక ఇంత గుప్పెడు, ఇది కొసరు అబ్బాయా అని వాడి జేబులో పోసేవాడు, వీడు వాణ్ణి కొసరు మామ అనేవాడు, జేబు నిండా కంపు, నేను తిట్టేదాన్ని, తిడుతూ తలుపు వెనక నిలబడి వాళ్ళిద్దరి చెవులూ చూసేదాన్ని, ఒకటే చెవులు, వీడికి మీసం మొలుస్తున్న ఏడు బాలస్వామి గంప దించలేదు, పిల్లోడు ఎదిగాడమ్మా, నా మొహం ఆడి మొహంలోంచి కనపడతా ఉంది, ఇంక నే రాను, నెత్తళ్ళ కోసం ఏడిస్తే బజార్లో కొనిపెట్టు అన్నాడు, ఆ వీపు కూడా చూశాను, వీధి మలుపు తిరిగేదాకా, మనసులో అయ్యో అనాలి కదా, అనలేదు, హమ్మయ్య అన్నాను, ఆ వారమే గేటు పెట్టించి గొళ్ళెం వేయించాను, ఇషాకు నెల్లాళ్ళు గేటు పట్టుకుని నిలబడ్డాడు, కొసరు మామ రాలేదేమ్మా అని, సముద్రం మీదికి పోయుంటాడులేరా అన్నాను, ఆ అబద్ధం తరవాతెప్పుడో నిజమైందో ఏమో, అడిగే దిక్కు కూడా లేకుండా చేసుకున్నాను.

వీపులు, నాకు అందరూ వీపులే గుర్తు, మూడు రోజుల బిడ్డని ఎత్తుకుపోయిన నాగూర్ వలిది, తరవాత ఆ నాగూర్ వలిదే, పత్తి మూటల లారీ ఎక్కుతూ, వస్తానే అని తిరిగి చూడకుండా చెయ్యూపాడు, సాయంత్రానికి కబురొచ్చింది, నజీరా కొడుకుది చిన్న వీపు, అష్రఫ్ భుజం మీద, ఇప్పుడు ఇషాకుది కూడా చూడాలా, చెప్తే వాడు లేచి గేటు తీసుకుని వెళ్ళిపోతాడు, ఎక్కడికి వెళ్తాడు, కొత్తపట్నం వెళ్తాడు, ఇసకలో చెవులు వెతుక్కుంటాడు, నన్ను అమ్మా అనే నోరు ఒక్క క్షణం ఆగి అంటుంది, ఆ ఒక్క క్షణం చాలు నన్ను చంపడానికి, ఇన్నాళ్ళూ నేననుకున్నది వాడి మనసు విరగకూడదని దాచానని, వాడి కోసమే అని, ఎంత బాగా అబద్ధమాడతాను నాతో నేను, వాడి మనసు రోజూ పొద్దున్న పట్ట అంచు మీద విరుగుతుంటే జామకాయ కోసి ఇచ్చి చూస్తున్నదాన్ని, ఆ పేరులేని జన్యువే నయం, ఒంటినిండా నోరు మూసుకున్నా మాట అవసరమైన చోట విప్పుతుంది.

రిహానా సంచి తెచ్చి వసారా మెట్టు మీద పెట్టింది, చీర, దుప్పటి, ఫ్లాస్కు, కళ్ళు ఉబ్బి ఉన్నాయి, నావంక చూడలేదు, అడగాల్సింది నిన్ననే అడిగేసింది, ఇషాకు చొక్కా చెయ్యి పైకి మడిచి నులకమంచం మీద కూర్చున్నాడు, అన్విత వాడి మోచేతి పైన రబ్బరు పట్టీ బిగించింది, పిడికిలి మూయండి అంది, వాడు మూశాడు, తొందరగా కానీయమ్మా, మాకు బస్సుంది, ఈసారన్నా పేరు సరిగ్గా రాయి, లేకపోతే మా అమ్మకి నేను కొడుకునే కాకుండా పోతాను అని నవ్వాడు, పరాచికానికే అన్నాడు, ఆ పిల్ల నవ్వలేదు, సూది పట్టుకున్న చెయ్యి ఆపి నావంక చూసింది, వాడి మోచేతి మీద నరం ఉబ్బింది, నీలంగా, అందులో నాది చుక్క లేదు, బాలస్వామిది ఉంది, కళ్ళు తెరవని ఆ తల్లిది ఉంది, వెనక నుంచి సిద్దికా మళ్ళీ అంచు ఎక్కింది, నాన్నా చూడు, ఇటు చూడు అంటోంది, వాడు తల తిప్పి చూశాడు, ఆ చూపు, అడుగు తప్పుతుందేమో అని కూతురి పాదాలని అలా చూసే చూపు, దాని కాలు ఒక కాయ మీద పడి చిన్నగా పక్కకి జారింది, ఎవరికైనా జారుతుంది, వాడి మొహంలో రక్తం లేకుండా పోయింది.

ఒరేయ్ ఇషాకూ అన్నాను, ఆ పట్టీ తీసెయ్, ఇటు రా, అమ్మా రిహానా, ఆ సంచి లోపల పెట్టు, ఇవాళ బస్సు లేదు, ఏంటత్తా, బస్సుంది కదా అంది అది, ఉంది, కానీ మీరు ఎక్కడం లేదు అన్నాను, డాక్టరుగారూ, ఆ పిల్లనేమీ అనకండి, గొట్టం మీద పేరు నేను చదివాను, అది సరైన పేరే, ఆ రక్తం సరైన రక్తమే, మిగతాది నేను ముందు నా కొడుకుతో చెప్పుకోవాలి, కాసేపు కారు దగ్గర కూర్చోండి నాయనా, ఆయన ఏదో అనబోతే అన్విత సార్ రండి అని లేవదీసింది, ఇషాకు వచ్చి నా ఎదుట గొంతుక్కూర్చున్నాడు, ఏంటమ్మా, కళ్ళు ఎర్రబడ్డాయి, ఘాటెక్కిందా, కళ్ళు రుద్దుకోబోకు, అంటూ తన తువ్వాలు చెంగుతో నా వేళ్ళు తుడుస్తున్నాడు, ఒక్కో వేలూ, గోళ్ళ సందుల్లో కూడా, ఎప్పుడూ తుడిచినట్టే, గేటు తీసే ఉంది, ఉండనీ, చెప్పాక వాడు వీపు చూపిస్తే చూస్తాను, ముందుగా చెప్పాల్సింది కొసరు మామ గురించా, పాల గురించా, కాదు, సిద్దికా గురించి, ఇంక దాన్ని ఆ అంచు మీద నడిపించొద్దని, ఇన్నాళ్ళూ వీడికి నేనిచ్చినవే నెమరేసుకుంటూ వచ్చాను, పాలిచ్చాను, పేరిచ్చాను, అక్కని ఇచ్చాను, వీడికి నేను చేయగల మేలు ఇంకొక్కటే మిగిలింది, నేను ఇవ్వనిదేమిటో చెప్పడం, నా రక్తం.